ఇంటి నిర్మాణములో సామగ్రి వృథా – పంచాయతీల కర్తవ్యము

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు చెప్పిరి. ఈ రెండు కార్యములును గృహస్థుని ఓర్పునకు, చేతిలోని పైకమునకు పరీక్షలే. అయినను రెండింటికి నడుమ ఒక భేదము కలదు. పెండ్లిలో మిగిలిన అన్నము నలుగురికి పెట్టవచ్చును. వానలో తడిసి గట్టిపడిన సిమెంటు బస్తాను మాత్రము ఎవరికిని పెట్టలేము. అది రాయియై మన వాకిటనే పడియుండును. దానికై చేసిన అప్పునకు వడ్డీ మాత్రము పెరుగుచుండును. ఇట్టి నష్టమును గురించి, దాని కారణములను గురించి, నివారణకు పంచాయతీలు చేయదగిన పనులను గురించి నేడు మీతో నాలుగు మాటలు చెప్పదలచినాము.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో ఇల్లు కట్టుచున్నవారు ఎవరో మీకు మేము చెప్పవలసిన పని లేదు. సిరిసిల్లలో మరమగ్గముపై రాత్రింబగళ్లు నిలబడు నేత కార్మికుడు, కోరుట్ల వైపు బీడీలు చుట్టి పైసా పైసా కూడబెట్టిన తల్లి, జగిత్యాల పల్లెల నుండి గల్ఫు దేశములకు పోయి ఎండలో చెమటోడ్చుచున్న యువకుడు, వరి పండించు చిన్న రైతు – వీరే ఇండ్లు కట్టుచున్నారు. మధ్య మానేరు జలాశయము క్రింద ఊళ్లు మునిగిపోగా, క్రొత్త చోట మొదటి నుండి ఇల్లు కట్టుకొనవలసి వచ్చినవారును వీరిలో నున్నారు. 2024 మార్చిలో మన రాష్ట్ర ప్రభుత్వము ఆరంభించిన ఇందిరమ్మ ఇండ్ల పథకమున ఒక్కొక్క ఇంటికి 5 లక్షల రూపాయల సహాయము ఏర్పాటైనది. ఆ సొమ్ము ఒకేసారి చేతికి వచ్చునది కాదు; పునాది, గోడలు, కప్పు అను పనిదశలను బట్టి విడతలుగా వచ్చును. కావున పునాది దశలో సామగ్రి వృథాయైనచో గోడల దశకు చేరుటకు అప్పు చేయవలసి వచ్చును. అప్పు పుట్టనిచో ఇల్లు మొండిగోడలతో నిలిచిపోవును. సామగ్రి వృథా యనునది ఇంజనీర్లకు మాత్రమే సంబంధించిన విషయము కాదని, పేదవాని ఇల్లు పూర్తియగునా కాదా అను ప్రశ్నయని మీరు గ్రహింపగోరుచున్నాము.

కంటికి కనబడు వృథా, కనబడని వృథా

వృథా రెండు విధములు. ఇంగ్లండులోని భవన పరిశోధన సంస్థకు చెందిన స్కాయిల్స్ అను పరిశోధకుడు 1976లో ఈ విషయమును విపులముగా చర్చించి, వృథాను ప్రత్యక్షము, పరోక్షము అని విభజించెను. విరిగిన ఇటుకలు, గట్టిపడిన సిమెంటు, వానకు కొట్టుకొనిపోయిన ఇసుక, తుంపులైన ఇనుప సలాకలు ప్రత్యక్ష నష్టము. ఇది కంటికి కనబడును. వంకరగా లేచిన గోడను సరిచేయుటకు రెట్టింపు మందమున పూసిన సిమెంటు పూత, కొలత తప్పి వెడల్పుగా త్రవ్విన పునాదిలో నింపిన కాంక్రీటు పరోక్ష నష్టము. ఇది ఇంటిలోనే కలిసిపోవును గనుక ఎవరికిని కనబడదు. వాకిట చెత్త కుప్ప లేదు గావున ఏమియు వృథా కాలేదని యజమాని సంతోషించును. కాని అతని సొమ్ము గోడలోనే పూడిపోయి యుండును.

సిరిసిల్ల నేతగానికి ఈ మాట సులభముగా అర్థమగును. నూలు తూచి తెచ్చుకొని, బట్ట తూచి అప్పగించు పనిలో తరుగు ఎంతయో అతనికి తెలియును. ఇంత నూలునకు ఇంత బట్ట రావలెనని లెక్క యుండును. ఆ నేతగాడే తన ఇల్లు కట్టునప్పుడు, ఇన్ని బస్తాల సిమెంటునకు ఎంత గోడ లేవవలెనో అడుగడు. ఆ లెక్క అతనికి చెప్పువారు లేకపోవుటయే దానికి కారణము.

ఇంటి పనిలో కొంత తరుగు తప్పదు. ఇటుకను సగము చేయునప్పుడు ఒకటి రెండు ముక్కలగును. సలాక కోయునప్పుడు చిన్న తుంప మిగులును. ఆ తప్పని తరుగును గూర్చి మేము మాటలాడుట లేదు. కొద్దిపాటి జాగ్రత్తతో ఆపదగిన వృథాను గూర్చియే మా మాట.

కారణములు ఎక్కడ పుట్టుచున్నవి?

మొదటి కారణము పని మొదలు కాకముందే పుట్టుచున్నది. మన పల్లెలలో అనేక ఇండ్లకు నక్షా ఉండదు. ఉన్నను అది అనుమతి కొరకు కాగితముపై గీసినదే గాని, మేస్త్రీ చేతికి అందునది కాదు. సున్నము పోసి నేలపై గీత గీయుటయే నక్షా. గోడ నాలుగడుగులు లేచిన తరువాత ఇక్కడ తలుపు, అక్కడ కిటికీ అని ఆలోచన మారును.

గల్ఫునకు పోయిన యువకుని ఇల్లు ఒకటి మేము చూచితిమి. అతని తల్లి ఇంటి పని చూచుకొనుచుండెను. ఫోనులో చిత్రములు చూచిన కుమారుడు మెట్లు లోపలికి గాక బయటికి ఉండవలెననెను. వారము తరువాత బంధువొకరు వాస్తు ప్రకారము వంటగది మార్చవలెననిరి. రెండుసార్లు గోడ పడగొట్టిరి. పడగొట్టిన ఇటుకలలో సగమైనను తిరిగి పనికిరాలేదు. ఆ తల్లి మేస్త్రీతో, “అన్నా, గోడ లేపకముందే ఒక్క మాట అడగకపోతివి” అనెను. అతడు, “అక్కా, అడిగితే ఎవరు చెప్పేటోళ్లు? ఉన్నోళ్లు ఒకటంటరు, ఫోనులో ఒకటంటరు” అనెను. ఇద్దరి మాటయు నిజమే. నిర్ణయించు మనిషి దుబాయిలో, సొమ్ము బ్యాంకులో, పని ఇక్కడ ఉన్నప్పుడు, పని మొదలగుటకు ముందే అందరు కూర్చుండి నక్షాను ఖాయపరచుకొనుట తప్ప వేరు దారి లేదు. కాగితముపై గీత చెరుపుటకు ఖర్చు లేదు. గోడను చెరుపుటకు కలదు.

రెండవ కారణము కొనుగోలులో నున్నది. కొందరు ధర పెరుగునేమో యని ఇంటికి కావలసిన సిమెంటునంతయు ఒకేసారి కొని నిలువ చేయుదురు. సిమెంటు ధాన్యము వంటిది కాదు. నిలువ యుంచిన కొలది దాని బలము తగ్గును. మూడు నెలలు దాటిన సిమెంటును పరీక్షింపక వాడరాదు. ఇసుక విషయములో మోసపోవుట మరింత సులభము. తేమగల ఇసుక పొంగును. దాని పరిమాణము నాలుగవ వంతు వరకు పెరుగవచ్చును. తడి ఇసుక ట్రాలీ నిండుగా కనబడినను లోపల ఇసుక తక్కువ. దానినే తట్టలతో కొలిచి కలిపినచో పాళ్లు తప్పి సిమెంటు అధికముగా ఖర్చగును. మానేరు ఇసుకకు పేరున్నది గదా యని ప్రతి ట్రాలీని నమ్మరాదు. ఒక గాజుసీసాలో సగము వరకు ఇసుక వేసి, ముప్పాతిక వరకు నీరు పోసి, చిటికెడు ఉప్పు వేసి, బాగుగా కుదిపి మూడు గంటలు కదలక యుంచవలెను. ఇసుకపై పేరుకొన్న ఒండు పొర ఇసుక మందములో నూటికి 8 పాళ్లు మించినచో ఆ ఇసుక కడుగనిదే పనికిరాదు. ఈ పరీక్షకు ఇంజనీరు అవసరము లేదు, బడిపిల్లవాడైనను చేయగలడు.

మూడవ కారణము దింపుటలో, నిలువ చేయుటలో నున్నది. ఇటుకల ట్రాలీని ఎత్తి నేలపై కుమ్మరించుట మనము నిత్యము చూచుచున్న దృశ్యము. చేతితో దింపించుటకు అగు కూలి మిగిలినదని సంతోషింతురు. విరిగిన ఇటుకలను లెక్కింపరు. సరిగా కాలని ఇటుక యైనచో ఈ నష్టము మరింత హెచ్చు. రెండు ఇటుకలను తాకించినప్పుడు గణగణమని మ్రోగవలెను. మీటరు ఎత్తు నుండి జారవిడిచిన ఇటుక ముక్కలు కారాదు. ఇసుకను, కంకరను వీధిలో మట్టినేలపై పోసినచో అడుగు పొర మట్టిలో కలియును, పై పొర వానకు కొట్టుకొనిపోయి మురికికాలువను పూడ్చును. ఇంటివాని నష్టము అక్కడితో ఆగక, దోమల రూపమున వీధివారికందరికిని పంచబడును.

నాలుగవ కారణము గుత్త పద్ధతి. మన ప్రాంతమున సాధారణముగా యజమాని సామగ్రి కొనును. మేస్త్రీ చదరపు అడుగునకు ఇంత యని కూలి గుత్త తీసికొనును. సామగ్రి మిగిలినచో మేస్త్రీకి లాభము లేదు, వృథాయైనచో నష్టము లేదు. పని త్వరగా ముగియుటయే అతనికి లాభము. ఇది మేస్త్రీ దోషమని మేము నిందింపము. పద్ధతియే అట్లున్నది. యజమాని మగ్గము పనికి, పొలము పనికి పోవలసినవాడు. పగలంతయు ఇంటి పని వద్ద నిలబడలేడు. చూచువారు లేని పనిలో వృథా సహజముగా పెరుగును.

రెండు లెక్కలు

మాటల కంటె లెక్క మేలు. ఇనుప సలాక సాధారణముగా 12 మీటర్ల పొడవున వచ్చును. కప్పునకు 3.2 మీటర్ల ముక్కలు కావలసి యున్నవనుకొందము. ఒక సలాకలో మూడు ముక్కలు వచ్చును, 2.4 మీటర్లు మిగులును. ఇట్లు 50 సలాకలు కోసినచో 120 మీటర్లు మిగులును. 8 మిల్లీమీటర్ల సలాక మీటరునకు 0.395 కిలో తూగును గనుక ఇది 47 కిలోలకు పైగా ఇనుము. దీనిని పాత సామాను వానికి తూకమున వేయుట అలవాటు. కాని 90 సెంటీమీటర్ల వెడల్పు గల తలుపుపై దూలమునకు, ఇరువైపుల 15 సెంటీమీటర్ల ఆనుడుతో, 1.2 మీటర్ల ముక్కలు కావలెను. మిగిలిన 2.4 మీటర్లలో అవి రెండు సరిగా వచ్చును. కోయుటకు ముందు ఏ ముక్క ఎంత పొడవు, ఎన్ని కావలెనను పట్టిక వ్రాసికొన్నవానికి ఇది తెలియును. ముందు కోసి తరువాత లెక్కించువానికి తెలియదు.

రెండవ లెక్క సిమెంటు పూతది. గోడ నిలువుగా, చదునుగా లేచినచో లోపలి పూతకు 12 మిల్లీమీటర్ల మందము చాలును. గోడ వంకరగా లేచి, దానిని సరిచేయుటకు సగటున 20 మిల్లీమీటర్లు పూయవలసి వచ్చినదనుకొందము. 100 చదరపు మీటర్ల గోడకు 0.8 ఘనపు మీటర్ల మాలు అధికముగా పట్టును. ఒక పాలు సిమెంటు, ఐదు పాళ్ల ఇసుక చొప్పున ఇందులో సుమారు 5 బస్తాల సిమెంటు పోవును. ఒక చిన్న ఇంటిలోనే అంతటి గోడ ఉండును. గోడ కట్టునప్పుడు తూకపు గుండు దారము రోజుకు నాలుగుసార్లు పట్టి చూచుటకు పట్టు కాలము ఎంత?

400 చదరపు అడుగుల ఇంటికి, అడుగునకు 0.4 బస్తా అను మేస్త్రీల ఉజ్జాయింపు లెక్క చొప్పున 160 బస్తాల సిమెంటు కావలెను. నూటికి 10 వృథాయైనచో 16 బస్తాలు. నేటి ధరను బట్టి ఆ సొమ్మెంతయో, అది ఎన్ని రోజుల కూలియో మీరే లెక్కకట్టుకొనుడు. ఇది సిమెంటు లెక్క మాత్రమే. ఇసుక, ఇటుక, ఇనుము ఇందులో చేరలేదు.

నివారణ మార్గములు

సిమెంటు బస్తాలను నేలపై గాని, గోడకు ఆనించి గాని పేర్చరాదు. నేల నుండి జానెడు ఎత్తున చెక్కలు పరచి, గోడకు రెండడుగుల ఎడముగా, 10 బస్తాల ఎత్తు మించకుండ పేర్చవలెను. ముందు వచ్చిన బస్తాను ముందు వాడవలెను. ఆ వారము పనికి కావలసినంత మాత్రమే తెచ్చుకొనుట మరింత మంచిది.

మాలును అరగంటలో వాడుకొనునంత మాత్రమే కలుపుకొనవలెను. జగిత్యాల వైపు వేసవిలో ఎండ 45 డిగ్రీలకు చేరుట మీరెరిగినదే. ఆ వేడికి మాలు త్వరగా బిగిసిపోవును. మధ్యాహ్న భోజనమునకు ముందు కలిపి, తరువాత మరల నీరు పోసి మెత్తపరచిన మాలులో బలముండదు. ఇటుకలను వాడుటకు ముందు నానబెట్టవలెను. లేనిచో అవి మాలులోని నీటిని పీల్చివేయును. కట్టిన పనిని సాధారణ సిమెంటుకు 7 రోజులకు తక్కువ గాకుండ, బూడిద కలిసిన సిమెంటుకు 10 రోజులకు తక్కువ గాకుండ తడుపవలెను. తడుపని కాంక్రీటు బీటలు వారును. బీటలకు మరమ్మతు చేయుటకు మరల సామగ్రి కావలెను. తడుపకపోవుటయు ఒక వృథాయే.

గోడ కట్టు పద్ధతిలోనే పొదుపు చేయవచ్చును. కేరళలో స్థిరపడి పేదలకు చౌక ఇండ్లు కట్టి ప్రసిద్ధి చెందిన లారీ బేకర్ ఇటుకలను నిలువుగా నిలిపి లోపల ఖాళీ వదలు పద్ధతిని ప్రచారము చేసెను. ఎలుకబోను వంటి ఆ కట్టడములో ఇటుకలు నూటికి సుమారు 25 తగ్గును. గోడ లోపలి ఖాళీ వలన ఇంటిలో వేడియు తగ్గును. కాని నేర్చిన చేయి లేనిదే దీనికి పూనుకొనరాదు. మన పొరుగున రామగుండములో ఉష్ణ విద్యుత్కేంద్రము నుండి వచ్చు బూడిదతో చేసిన ఇటుకలు కొలతలో సమముగా నుండును గనుక వానితో గోడ చదునుగా లేచి, పూత మందము తగ్గును.

ఒక హెచ్చరిక చేయుట మా విధి. వృథాను తగ్గించుట వేరు, పాళ్లు తగ్గించుట వేరు. సిమెంటు తగ్గించి, సలాకలు దూరము చేసి మిగిల్చితిమనుకొనుట పొదుపు కాదు. పది సంవత్సరములలో కప్పు పెచ్చులూడి, ఇల్లు మరల కట్టుకొనవలసి వచ్చుట కంటె గొప్ప వృథా లేదు.

శిథిలములు – పాత సామాను

పాత పెంకుటిల్లు విప్పునప్పుడు యంత్రముతో ఒక్క పూటలో నేలమట్టము చేయుట నేటి వాడుకయైనది. పూర్వము మన పెద్దలు ఇల్లు విప్పునప్పుడు గూనపెంకులను వరుసగా దింపి, టేకు దూలములను, దర్వాజాలను, కడప రాళ్లను వేరుగా పెట్టి, క్రొత్త ఇంటిలో వాడుకొనెడివారు. ఆ అలవాటును విడువరాదు. పాత మట్టి గోడల మన్ను క్రొత్త ఇంటి గచ్చు క్రింద నింపుటకు పనికి వచ్చును.

విరిగిన ఇటుకలు ఇంకుడు గుంతలలో నింపుటకు, ఊరి బాటలలోని గోతులు పూడ్చుటకు ఉపయోగపడును. వానిని చెరువు శిఖములో పోయుట మహాపరాధము. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ క్రింద ఎంతో ఖర్చుతో చెరువుల పూడిక తీసితిమి. ఆ చెరువులనే శిథిలములతో మరల పూడ్చుకొనుట న్యాయమా? నిర్మాణ వ్యర్థములకు కేంద్ర ప్రభుత్వము 2016లో నియమములు చేసినది. 2026 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చునట్లు 2025లో క్రొత్త నియమములు ప్రకటించినది. ఈ క్రొత్త నియమముల ప్రధాన భారము పెద్ద భవనములపైననే. చిన్న ఇంటి విషయములో మన ఊరి కట్టుబాటే మనకు రక్ష.

పంచాయతీ చేయదగిన పనులు

ఇట్టి కట్టుబాటు చేయుటకు మీకంటె తగినవారు లేరు. ఇల్లు కట్టువాడు మొదట మీ వద్దకే వచ్చును. అనుమతి ఇచ్చునాడే నక్షా ఖాయమైనదా, తలుపులు కిటికీలు గుర్తించిరా, సామగ్రి పట్టిక వ్రాసికొనిరా అని అడుగుడు. గృహనిర్మాణ శాఖ ఇంజనీరును ఒక దినము గ్రామసభకు పిలిపించి, చిన్న ఇంటికి కావలసిన సామగ్రి లెక్కను పంచాయతీ కార్యాలయపు గోడపై అందరికిని కనబడునట్లు వ్రాయించుడు.

ఊరిలో ఒకేసారి పది ఇండ్లు లేచుచున్నప్పుడు పదిమందియు వేరువేరుగా కొనుట ఎందుకు? మహిళా సంఘము ద్వారా కలిసి కొని, వాన తగులని ఒక గదిలో నిలువచేసి, వారము వారము ఇచ్చుకొనవచ్చును. ఒకరికి మిగిలిన సలాక ముక్క మరియొకరి తలుపు దూలమునకు పనికి వచ్చును.

గుత్త కుదుర్చుకొనునప్పుడు ఇంత పనికి ఇంత సామగ్రి యని ముందుగా వ్రాసికొని, అంతకంటె మిగిలించిన మేస్త్రీకి మిగులులో కొంత భాగము బహుమానముగా ఇచ్చు ఏర్పాటు చేయవచ్చును. అప్పుడు యజమాని లాభము, మేస్త్రీ లాభము ఒకటే యగును. అయితే పాళ్లు తగ్గించి మిగిల్చకుండునట్లు చూచుటకు కలుపునప్పుడు ఇంటివారొకరు తప్పక ఉండవలెను. ఆ పని ఇంటి స్త్రీలు సమర్థతతో చేయగలరు. ఏ దినమున ఎన్ని బస్తాలు వచ్చెను, ఎన్ని వాడిరి, ఎంత మిగిలెనని ఒక చిన్న పుస్తకమున వ్రాయుట వారికి నేర్పుడు. లెక్క వ్రాసిన ఇంటిలో వృథా దానంతట అదియే తగ్గును.

పంచాయతీ ట్రాక్టరు, నీటి ట్యాంకరు మీ వద్ద నున్నవి. వారమునకు ఒక దినము ట్రాక్టరుతో శిథిలములను సేకరించి ఒకచోట చేర్చి, బాటల పనికి వాడుడు. నీరు లేని వీధిలో ట్యాంకరుతో క్రొత్త గోడలు తడుపుటకు సహాయము చేయుడు.

సోదర సోదరీమణులారా, ఒక్క గ్రామమున పది ఇండ్లలో ఒక్కొక్క ఇంటికి పది బస్తాల చొప్పున కాపాడినచో నూరు బస్తాలగును. అది నిలిచిపోయిన ఒక మొండిగోడల ఇంటిని ముందునకు నడిపించుటకు చాలిన సామగ్రి. మీ ఊరిలో అట్టి ఇల్లు ఒకటి ఉండియే యుండును. ఇంటికి పోయిన తరువాత ఆ ఇంటి ముందు ఒక్క నిముషము నిలబడి, లోపల ఉండవలసిన కుటుంబమును తలచుకొనుడు. మేము చెప్పిన ఈ లెక్కలన్నియు వారి కొరకే.